స్తోత్రం చెప్పాలనిపించని రోజుల కోసం: అపోహలు - వాస్తవాలు

సంఘ కాపరిగా నా పనిలో ఎక్కువ సమయం ప్రసంగాలకంటే మనుషుల పక్కన కూర్చోవడానికే పోతుంది. ఆసుపత్రి మంచం పక్కన, ఉద్యోగం పోయినవాళ్ల ఇంట్లో, ఈమధ్యే ఆప్తుల్ని సమాధి చేసి వచ్చినవాళ్ల దగ్గర. అలాంటి చోట తరచుగా వినే మాట ఒకటుంది: "పాస్టర్ గారూ, స్తోత్రం చెప్పాలని మనసు రావడం లేదు. నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉన్నట్టుంది." కాసేపు మాట్లాడితే తెలుస్తుంది, ఎవరో మంచి ఉద్దేశంతోనే చెప్పిన ఒక తప్పు మాట వాళ్ల మనసులో పాతుకుపోయి ఉంటుంది. అలాంటి మాటల్లో కొన్నింటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నిజమైన విశ్వాసి ఎప్పుడూ సంతోషంగా కనిపించాలి. ఏడిస్తే కృతజ్ఞత లేనట్టే.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇదే. ఎలా ఉన్నారని అడగగానే "దేవునికి స్తోత్రం, బాగున్నాం" అనేసి, ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడ్చేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు.

ప్రభువైన యేసు శత్రువులకు అప్పగించబడిన రాత్రిని చూడండి. ఆయన రొట్టెను పట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించి దాన్ని విరిచాడు. తర్వాత శిష్యులతో కలిసి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లాడు. కాసేపటికే గెత్సేమనేలో తన ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగి ఉందని వాళ్లకే చెప్పాడు. కృతజ్ఞత, పాట, కన్నీళ్లు, మూడూ ఒకే రాత్రిలో జరిగాయి. ఆ దుఃఖం వల్ల ముందు చెప్పిన కృతజ్ఞత అబద్ధమైపోలేదు.

కీర్తనల గ్రంథం కూడా ఇదే నేర్పిస్తుంది. ఉన్న 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలు, విలాపాలే. 13వ కీర్తన "నన్ను ఎంతకాలం మరచిపోతావు?" అని దేవుణ్ణి సూటిగా అడుగుతూ మొదలై, ఆరు వచనాల్లోనే పాటగా ముగుస్తుంది. 88వ కీర్తనకు అలాంటి ముగింపు కూడా లేదు. దాని చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". అది కూడా ఆరాధనలో పాడుకునే కీర్తనే. మీ రోజు 88వ కీర్తనలా ఉంటే దాన్నే చదివి ప్రార్థించండి. దేవుని దగ్గరికి వెళ్లేముందు ముఖం తుడుచుకోనక్కర్లేదు.

అపోహ: కృతజ్ఞత ఉంటే అన్యాయాన్ని నోరు మూసుకుని భరించాలి.

ఇంట్లో దెబ్బలు తింటున్న వ్యక్తికి "ప్రతివిషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అనే వచనం చూపించి వెనక్కి పంపేవాళ్లు ఉన్నారు. నాకు ఇది చాలా బాధ కలిగిస్తుంది. అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకయులకు ఆ మాట రాసింది చెడును మంచి అనమని చెప్పడానికి కాదు. ఏ పరిస్థితిలో ఉన్నా దేవుని మంచితనాన్ని మరిచిపోవద్దన్నాడు, అంతే.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో పౌలు, సీలలు ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి కీర్తనలు పాడటం గురించి ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. తెల్లారాక ఏం జరిగిందో చెప్పే ప్రసంగాలు మాత్రం తక్కువ. వదిలేశాం, వెళ్లిపొమ్మని న్యాయాధిపతులు కబురు పంపితే పౌలు కదల్లేదు. విచారణ లేకుండా రోమా పౌరులమైన మమ్మల్ని నలుగురిలో కొట్టించారు, ఇప్పుడు గుట్టుగా పంపించేస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. న్యాయాధిపతులు భయపడి, వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి స్తుతించిన నోరే పొద్దున న్యాయం అడిగింది. హింస జరుగుతున్న చోటు నుంచి బయటికి రావడం, పోలీసులకు చెప్పడం, సాయం అడగడం విశ్వాసానికి విరుద్ధం కానే కాదు. ముందు క్షేమంగా ఉండే చోటికి చేరండి. అక్కడ కూర్చుని కూడా దేవునికి స్తోత్రం చెప్పవచ్చు.

అపోహ: మనకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను చూసి దేవునికి థ్యాంక్స్ చెప్పాలి.

లూకా 18లో ప్రభువు చెప్పిన ఉపమానంలో ఒక కృతజ్ఞతా ప్రార్థన ఉంది. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడు తాను ఇతర మనుషుల్లాగా, అక్కడే ఉన్న సుంకరిలాగా (పన్నులు వసూలు చేసేవాడిలాగా) లేనందుకు దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది మాత్రం రొమ్ము కొట్టుకున్న సుంకరే. పక్కవాడి కష్టం మన స్తుతికి కారణం కాకూడదు. వాళ్ల కోసం చేయాల్సింది విజ్ఞాపన, అంటే వాళ్ల తరఫున ప్రార్థన.

అపోహ: దిగులు, డిప్రెషన్ విశ్వాసం తక్కువైనవాళ్లకే వస్తాయి.

ఏలీయా ప్రవక్త కర్మెలు పర్వతం మీద ఎంత పెద్ద విజయం చూశాడో తెలిసిందే. ఆ వెంటనే, 1 రాజులు 19వ అధ్యాయంలో, బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఏమన్నాడు? ఆ సమయంలో ఒక్క మందలింపూ లేదు. ఏలీయా నిద్రపోయాడు. దూత తట్టి లేపి, భోజనం చేయమన్నాడు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని చెప్పి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుని ప్రశ్నలు, జవాబులు, కొత్త పని, అన్నీ ఆ తర్వాతే.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను ముందు నిద్ర పడుతోందా, తింటున్నారా అని అడుగుతాను. దిగులు వారాల తరబడి వదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెబుతాను. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు, అప్పటికప్పుడే నమ్మకమైన మనిషికి చెప్పి వైద్య సహాయం తీసుకోవాలి. మందులు వాడుతూ ప్రార్థన చేసుకోవడంలో తప్పేమీ లేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే.

అపోహ: పొద్దున్నే ఒక వాగ్దాన వచనం చూసుకుంటే ఆ రోజంతా మంచే జరుగుతుంది.

ఎక్కువమంది ఫోన్లలో కనిపించే వచనం యిర్మీయా 29:11. రాబోయే కాలంలో నిరీక్షణ కలిగేలా దేవుడు ఉద్దేశించాడన్న మాట. దాని పై వచనం కూడా చదవండి. యూదులు బందీలుగా ఉన్న బబులోనులో 70 ఏళ్లు గడవాలని ఉంటుంది. ఇంకాస్త పైన, ఆ పరాయి ఊళ్లోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంటుంది. సాయంత్రానికి సమస్య తీరుతుందని ఆ వచనం చెప్పలేదు. చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చినా దేవుడు వదిలిపెట్టడని చెప్పింది. నిజంగా కష్టంలో ఉన్నవాళ్లకు ఇదే పెద్ద ధైర్యం. వచనం చూసుకోండి, మానొద్దు, కాకపోతే అధ్యాయం మొత్తం చదవండి.

అపోహ: కృతజ్ఞత అంటే రోజూ "అన్నిటికీ స్తోత్రం" అనడం.

అనడం మంచిదే, కానీ ఆ మాటతో మనసు కదలదు. 136వ కీర్తనలో 26 వచనాలున్నాయి, ప్రతిదాంట్లోనూ "ఆయన కృప నిరంతరముండును" అనే మాట వస్తుంది. ఆ మాటకు ముందు మాత్రం చాలాసార్లు ఒక నిర్దిష్టమైన సంగతి ఉంటుంది: సూర్యుడు, చంద్రుడు, ఎర్రసముద్రం, చివరికి సీహోను, ఓగు అనే రాజుల పేర్లు కూడా. మీరూ అలాగే పేరుపేరునా చెప్పండి. దీర్ఘకాలం నొప్పితో బాధపడుతున్నవాళ్లు నోట్‌బుక్‌లో ఇలా రాసుకోవచ్చు: "మందు వేసుకున్నాక రెండు గంటలు నొప్పి లేదు. ఆ రెండు గంటలు కిటికీ దగ్గర కూర్చున్నాను. ప్రభువా, థ్యాంక్యూ." అలాంటి ఒక్క వాక్యం చాలు. కష్టమైన రోజు వచ్చినప్పుడు వెనక్కి తిప్పి చదువుకోవడానికి అది పనికొస్తుంది.

గంటసేపు, అదీ తెల్లవారుజామునే కూర్చోవాలన్న నియమం కూడా ఏమీ లేదు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. రాత్రి పాలకు లేచే తల్లి ఆ నిమిషాల్లోనే ప్రార్థన చేసుకోవచ్చు.

అపోహ: దేవునితో నా సంబంధం బాగుంటే చాలు, ధైర్యం చెప్పడానికి మనుషులు అక్కర్లేదు.

1 సమూయేలు 30లో, దావీదు ఉంటున్న సిక్లగు ఊరు కాలిపోయి ఉంది, భార్యాబిడ్డలను అమాలేకీయులు పట్టుకుపోయారు. దావీదు, అతని మనుషులు ఏడ్చే ఓపిక కూడా అయిపోయేదాకా ఏడ్చారు. జనం అతన్ని రాళ్లతో కొట్టాలని మాట్లాడుకుంటున్నారు. అప్పుడు దావీదు తన దేవుడైన యెహోవాను బట్టి ధైర్యం తెచ్చుకున్నాడు. అంతవరకు ఒంటరిగానే జరిగింది, నిజమే. కానీ అదే అధ్యాయంలో 600 మందిలో 200 మంది అలసిపోయి బెసోరు వాగు దాటలేక ఆగిపోయారు. గెలిచి వచ్చాక వాళ్లకు దోపుడుసొమ్ములో భాగం ఇవ్వొద్దని కొందరు అన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్లినవాడికి ఎంతో, సామాను దగ్గర ఉన్నవాడికీ అంతే అన్నాడు. ఇశ్రాయేలీయుల్లో అది కట్టడ అయింది.

హెబ్రీయులకు రాసిన పత్రిక ఒకరికొకరు "ప్రతిదినమును" బుద్ధి చెప్పుకోవాలంటుంది, అంటే ప్రోత్సహించుకోవాలని. వారానికి ఒక్క ఆరాధనతో సరిపెట్టుకోమనలేదు. రోజూ మాట్లాడుకునే మనిషి ఒకరైనా ఉండాలి. మీరు బెసోరు దగ్గర ఆగిపోయిన స్థితిలో ఉంటే ఆ సంగతి ఆ మనిషికి చెప్పండి: "ఈరోజు నాకు ప్రార్థన చేసే ఓపిక లేదు, నా తరఫున మీరు చేయండి." మీకు ఓపిక ఉన్న రోజైతే మీరే ఫోన్ చేయండి. సలహాలు ఇవ్వకుండా వినండి. వచనం చెప్పేముందు ఏం జరిగిందో అడగండి. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్ పెట్టేయకముందే, వాళ్లు చెప్పిన ఆ సమస్యను పేరుపెట్టి, రెండు మాటల్లో ప్రార్థన చేయండి.