176 డిగ్రీల నూనె 98 దాటకుండానే ఎలా మరుగుతుంది?

బరంపురం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: ‘మిరియపు చెట్టు ఆకుల నుంచి తీసే నూనెలో ఏముంటుంది? మిరియాల కారం అందులోకి వస్తుందా?’

ఆ చెట్టు కొరాపుట్ కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్‌ను అల్లుకునే మిరియపు తీగకు చుట్టం కాదు. పుట్టిల్లు దక్షిణ అమెరికా, కుటుంబం మామిడిది, జీడిమామిడిది. ఆకు నూనెలో సాధారణంగా కనిపించేవి ఆల్ఫా, బీటా ఫెల్లాండ్రీన్లు, లిమొనీన్, మిర్సీన్, ఆల్ఫా పైనీన్ అనే వాసన పదార్థాలు. అయిదింటికీ సూత్రం ఒక్కటే: 10 కార్బన్లు, 16 హైడ్రోజన్లు. అమరికే వేరు.

నన్ను అమితంగా ఆకట్టుకునేది ఈ జాబితా కాదు, నూనె ఆకులోంచి బయటికి వచ్చే తీరు. లిమొనీన్ మరగాలంటే 176 డిగ్రీలు కావాలి. నీళ్లతో కలిపి కాచినప్పుడు పాత్ర 100 డిగ్రీలు కూడా చేరదు. అయినా లిమొనీన్ ఆవిరై వచ్చేస్తుంది!

గంజాం జిల్లాలో మొగలి పూల బట్టీలు చూసినవారికి ఈ పని కొత్త కాదు. రాగి పాత్రలో పూలు, నీళ్లు, కింద మంట. అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే.

గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని ఒక బస్తా అనుకోండి. ఆవిరి ఆ బస్తాను ఎత్తగలిగితేనే ద్రవం మరుగుతుంది. నీరు ఒంటరిగా ఎత్తాలంటే 100 డిగ్రీల బలం కావాలి. పక్కన నూనె ఉంటే అదీ ఒక చెయ్యి వేస్తుంది. 97.5 డిగ్రీల దగ్గర నీరు ఇంచుమించు 700 వంతులు, లిమొనీన్ 60 వంతులు ఎత్తుతాయి. బస్తా లేచింది! ఇద్దరూ ఒకరిలో ఒకరు కలవరు కనుకే ఎవరి బలమూ తగ్గదు. ఒకదానిలో ఒకటి కరిగే ద్రవాలైతే ఒక్కొక్కటి తన వాటా మేరకే ఎత్తేది. ప్రతి ద్రవానికీ ఒక మరుగు స్థానం అని బడిలో బట్టీ పట్టించి వదిలేస్తాం. ఈ బస్తా లెక్క చెబితే పిల్లలకు మరగడమంటే ఏమిటో నిజంగా తెలుస్తుంది.

లెక్క ఇంకా ఉంది. 700కు 60 అంటే సుమారు 12 నీటి అణువులకు ఒక లిమొనీన్ అణువు. కానీ నీటి అణుభారం 18, లిమొనీన్‌ది 136. అంటే 216 గ్రాముల నీటితో 136 గ్రాముల నూనె రావాలి! ఆకుల విషయంలో ఇంత రాదు. నూనె ఆకు లోపలి నాళాల్లో ఉంటుంది, అక్కడి నుంచి మెల్లగా ఊరి రావాలి.

ఈ బస్తా లెక్కే నూనె కూర్పును కూడా శాసిస్తుంది. తేలికగా ఆవిరయ్యే పైనీన్ ముందు వస్తుంది. ఆకు నూనెలోనే ఉండే 15 కార్బన్ల జెర్మాక్రీన్ వంటివి బస్తాకు చెయ్యి వేసేది చాలా తక్కువ, కనుక ఆలస్యంగా వస్తాయి. మంట త్వరగా ఆర్పితే అవి పాత్రలోనే మిగులుతాయి. ఒకే చెట్టు ఆకులు, రెండు రకాల నూనె.

ఇక కారం సంగతి. మిరియాల కారానికి మూలం పైపరిన్ అనే పదార్థం. నల్ల మిరియాలనే ఇలా కాచినా అది పైకి రాదు, దాని ఆవిరి బలం దాదాపు సున్నా. అందుకే నల్ల మిరియాల నూనెకు వాసన ఉంటుంది, కారం ఉండదు. ఇక ఈ చెట్టు ఆకు నూనెలోకీ ఆ కారం రాదు.