కవ్వం తాడుకు రెండో కొస

దేవరకొండ నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. తాతల నాటి ఇంట్లో ఫోనుతో పనిచేసే స్మార్ట్ స్విచ్చు ఒకటి ఆయనే బిగించుకున్నారు, న్యూట్రల్ వైరు, అంటే కరెంటు దారిని పూర్తిచేసే రెండో వైరు, అక్కర్లేని రకం. ఆ రాత్రి నుంచి నడవలోని ఎల్ఈడీ బల్బు, ఆపేసిన తర్వాత కూడా, రెండు మూడు సెకన్లకోసారి మినుక్కుమంటోంది. ఇంట్లో పెద్దావిడ గుమ్మానికి నిమ్మకాయ కట్టించారు. పాడైంది స్విచ్చా, వైరింగా అని ఆయన సందేహం.

రెండూ బాగానే ఉన్నాయి. స్విచ్చుకు అందనిది న్యూట్రల్.

కరెంటును బడిలో కాలువ నీళ్లతో పోల్చి చెబుతారు. ఆ పోలిక నాకు నచ్చదు. కాలువ నీళ్లు మడిలోకి వెళ్లి ఇంకిపోతాయి, వెనక్కి రావు. అందుకే బల్బు కరెంటును తాగేస్తుందని చాలామంది అనుకుంటారు. దానికి బదులు మజ్జిగ చిలికే కవ్వాన్ని చూడండి. తాడు కవ్వానికి చుట్టి ఉంటుంది, రెండు కొసలూ రెండు చేతుల్లో ఉంటాయి. ఇటోసారి, అటోసారి లాగుతుంటే వెన్న తేలుతుంది, తాడు మాత్రం బెత్తెడు కూడా తరగదు. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల కరెంటు అచ్చం ఇలాంటిదే. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. 60 వాట్ల బల్బు వైరులో ఎలక్ట్రాన్లు వెంట్రుక మందంలో వందో వంతు కూడా కదలవు, ఉన్నచోటే ఊగుతాయి. ఫేజు ఒక కొస, న్యూట్రల్ రెండో కొస. ఒక్క కొస పట్టుకుని ఎవరూ చిలకలేరు.

చెక్క బద్దీల మీద వైరు లాగిన కాలంలో న్యూట్రల్‌ను నేరుగా బల్బుకు తీసుకెళ్లి, స్విచ్చుకు ఫేజు ఒక్కటే దించేవారు. మామూలు స్విచ్చు తాడును కలపడం, విడదీయడం తప్ప ఏమీ చేయదు కాబట్టి అది చాలు. స్మార్ట్ స్విచ్చు లోపల మాత్రం ఒక చిప్ ఉంటుంది. షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ 2014లో తెచ్చిన ఈఎస్‌పీ8266 లాంటిది. ఇలాంటి చిప్‌ల వల్లనే ఈ పరికరాలు కొన్ని వందల రూపాయలకు దొరుకుతున్నాయి. అది 3.3 వోల్టుల మీద నడుస్తుంది. దీపం ఆరినా ఫోను పిలుపు కోసం మేలుకొనే ఉండాలి. సగటున పావు వాటు దాకా కావాలి, మార్పిడి నష్టాలు కలిపితే అర వాటు, అంటే సుమారు 2 మిల్లీఆంపియర్లు. అదీ ఒక చిన్న కవ్వమే. తనకంటూ రెండో కొస లేదు కాబట్టి దాన్ని బల్బు తాడుకే చుట్టారు. అది తిరగాలంటే బల్బు తాడు కూడా కొంచెం కదలక తప్పదు.

పాత 60 వాట్ల బల్బుకు ఇది లెక్కలోది కాదు. చల్లగా ఉన్న దాని తీగకు నిరోధం సుమారు 70 ఓంలు, 2 మిల్లీఆంపియర్లకు అక్కడ వోల్టులో ఏడో వంతు మాత్రమే నిలుస్తుంది. ఎల్ఈడీ బల్బులో కెపాసిటర్ ఉంటుంది. ఆ కాస్త కరెంటూ అందులో పోగవుతుంది. సరిపడా పోగైన క్షణంలో లోపలి సర్క్యూట్ మేలుకుని, ఉన్నదంతా ఒక్క మెరుపులో ఖర్చు చేసి పడుకుంటుంది. మళ్లీ పోగు, మళ్లీ మెరుపు. ఆర్పిన దీపం దానంతటదే వెలిగితే భయపడిన ఆ పెద్దావిడను నేను తప్పుపట్టను. టార్చి సెల్లు బొమ్మ గీయించి, ఇంటి స్విచ్‌బోర్డు ఒక్కదాన్నీ విప్పి చూపని చదువుదే లోపం.

మందు ఉంది. బల్బుకు సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఎక్స్2 తరగతిది (ఇంటి కరెంటుకు నేరుగా కలిపేందుకు చేసిన రకం), 275 వోల్టుల ఏసీకి తగినది పెట్టించాలి. కవ్వం పక్కన స్ప్రింగు కట్టినట్టు ఇది లాగితే సాగుతుంది, వదిలితే తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తుంది, దాదాపు ఏమీ ఖర్చు చేయదు. 50 హెర్ట్జ్ దగ్గర దాని అవరోధం 32,000 ఓంలు. 2 మిల్లీఆంపియర్లు దాని గుండా వెళితే బల్బు మీద 64 వోల్టులే పడతాయి. సాధారణంగా బల్బు మేలుకోవడానికి అవి చాలవు.

అంతకన్నా తేలికైనది మరొకటి ఉంది. బోర్డులో ప్లగ్గు ఉందేమో చూడండి. ప్లగ్గుకు రెండు కొసలూ ఉండి తీరాలి. అంటే న్యూట్రల్ ఆ పెట్టెలోనే ఉంది. దాన్ని కలుపుకునే రకం స్మార్ట్ స్విచ్చు వేయిస్తే బల్బు తాడుతో పనే ఉండదు. మహబూబ్‌నగర్‌లో మా మేనమామ ఇంట్లో ఇలాగే దొరికింది. రాతిగోడకు బిగించిన టేకు బోర్డు, తుప్పు పట్టిన నాలుగు స్క్రూలు, లోపల అన్నీ ఒకే నల్లరంగు వైర్లు. మెయిన్ ఆపి ఒక వైరును గోటితో నొక్కితే తొడుగు పొడిపొడిగా రాలింది. స్మార్ట్ స్విచ్చును పక్కన పెట్టి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ఇల్లంతా వైరింగు మార్పించాం. మీ ఇంట్లోనూ అలా రాలితే అదే చేయండి.

బోరు మోటారుకూ ఇదే స్విచ్చు పెట్టవచ్చా అని కూడా ఆయన అడిగారు. వద్దు. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లే లాగినా, మొదలయ్యే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు స్విచ్చు లోపల కరెంటును కలిపి విడదీసే 10 ఆంపియర్ల రిలే కొనలు కరిగి అతుక్కుపోవచ్చు. అప్పుడు ఫోనులో ఆపినా మోటారు ఆగదు. మధ్యలో కాంటాక్టర్, అంటే పెద్ద కరెంటును కలపడానికీ ఆపడానికీ చేసిన బలమైన స్విచ్చు, పెట్టించండి. స్మార్ట్ స్విచ్చు కాంటాక్టర్‌ను కదిలించే తీగచుట్టకు (కాయిల్) మాత్రమే కరెంటు ఇస్తుంది, మోటారు బరువంతా కాంటాక్టర్ మోస్తుంది.