ముక్క జారాలి, జారకూడదు

పేక కట్టను గాజు బల్ల మీద పెట్టి, ఒక్క చేతి విసురుతో ముక్కలన్నీ వరసగా పరవడానికి ప్రయత్నించండి. కట్టకు కట్టే జారి బల్ల అవతలకు పోతుంది. అదే పని మంచం మీద దుప్పటిపై చేస్తే అడుగు ముక్క కదలదు, దుప్పటి మాత్రం ముడతలు పడి చేతి వెంట వస్తుంది. ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉండే ఉపరితలం కోసమే ఇంద్రజాలికులు క్లోజప్ మ్యాట్ (బల్ల మీద పరుచుకునే మెత్తని చాప) కొనుక్కుంటారు.

మ్యాజిక్ అనగానే మనకు గుర్తొచ్చేది పి.సి. సర్కార్, పట్టాభిరామ్ లాంటి వాళ్ల స్టేజీ ప్రదర్శనలే. కానీ చెన్నైలో మన తెలుగువాళ్ల రిసెప్షన్లకు ఇప్పుడు ఇంకో రకం మెజీషియన్ వస్తున్నాడు. భోజనాల దగ్గర ఒక్కో టేబులుకూ వచ్చి, పేక ముక్కలూ నాణేలతో మీ కళ్లెదుటే మాయ చేసి పోతాడు. అతను చంకలో పెట్టుకొచ్చే మ్యాట్‌లో ఉండేవి రెండే పొరలు. పైన పొట్టి నూగు ఉన్న పాలిస్టర్ లేదా నైలాన్ గుడ్డ, కింద రబ్బరు ఫోమ్.

ఈ రెండు పొరలు కలిసి మూడు రాపిడులను అదుపు చేస్తాయి. ముక్కకూ ముక్కకూ మధ్య రాపిడి అన్నిటికన్నా తక్కువ ఉండాలి. ముక్కకూ గుడ్డకూ మధ్య అంతకన్నా ఎక్కువ ఉండాలి. రబ్బరుకూ బల్లకూ మధ్య అన్నిటికన్నా ఎక్కువ ఉండాలి. ఈ వరస చెడకపోతే పై ముక్కలు వేలి వెంట పోతాయి, అడుగు ముక్కను నూగు పట్టి ఉంచుతుంది, మధ్యవన్నీ సమంగా విడిపోతాయి. మంచి పేక ముక్కల మీద సన్నని గుంటలు అచ్చొత్తి ఉంటాయి. వాటి వల్ల ముక్కలు ఒకదానికొకటి పూర్తిగా అతుక్కోవు, మధ్యలో కాస్త గాలి నిలుస్తుంది. జిడ్డు పట్టిన కట్టలో ఆ గుంటలు పూడిపోతాయి కాబట్టి, ముక్క పరుచుకోకపోతే మ్యాట్‌ను తిట్టే ముందు ఓసారి కట్టను చూసుకోవాలి.

అడుగున ఉన్న రబ్బరు పట్టు సంగతి వేరు. మెత్తని రబ్బరు బల్ల మీది కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లలోకి ఒదిగిపోతుంది. అలా నిజంగా తగిలే వైశాల్యం పెరిగి, అణువుల మధ్య ఆకర్షణ పనిచేయడానికి చోటు దొరుకుతుంది. మధ్యలో దుమ్ము చేరిందంటే రబ్బరు తాకేది దుమ్మునే, బల్లను కాదు. మ్యాట్ జారుతోందని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామందికి కావలసింది కొత్త మ్యాట్ కాదు, తడిగుడ్డ.

మరి ఫోమ్ ఎందుకు? గాజు మీద పడుకున్న ముక్క కిందికి గోరు దూరదు. ఫోమ్ మీదైతే అంచు పక్కన వేలితో నొక్కగానే అక్కడ చిన్న పల్లం పడి, వేలికి దారి దొరుకుతుంది. నాణేల విషయంలో దీని ఉపయోగం ఇంకా పెద్దది. గట్టి బల్ల మీద పడ్డ పది రూపాయల బిళ్ల (27 మిల్లీమీటర్ల వెడల్పు, 7.71 గ్రాముల బరువు) సెకనుకు వేలసార్లు కంపిస్తూ ఖంగుమంటుంది. మెత్తని చోట ఆ తాకిడి కాస్త ఎక్కువసేపు సాగుతుంది. నెమ్మదిగా తగిలే దెబ్బ అంత వేగమైన కంపనాలను లేపలేదు, అందుకే ‘తప్’ అని ఊరుకుంటుంది. శబ్దమే గుట్టు విప్పేసే విద్యలో ఇది చిన్న మేలు కాదు. అలాగని మరీ మందం తీసుకుంటే నాణేల దొంతర నిలవదు. మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు చాలు.

సైజుకు లెక్క సులభం. ముక్క వెడల్పు సుమారు 63 మిల్లీమీటర్లు. 52 ముక్కలు పరిచినప్పుడు ఒక్కోటి 6 మిల్లీమీటర్లు కనిపించాలంటే 51 ఆర్లు 306, దానికి 63 కలిపితే 369. అంటే 40 సెంటీమీటర్ల మ్యాట్ సరిపోతుంది. అంతకన్నా పెద్దది రిసెప్షన్ టేబుల్ మీద ప్లేట్ల మధ్య పట్టదు.

మ్యాజిక్ సామాన్ల షాపులోనే కొనాలన్న నియమమేమీ లేదు. చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కంప్యూటర్ గేమ్స్ ఆడేవాళ్లకు అమ్మే పెద్ద మౌస్ ప్యాడ్లు కూడా ఇదే కుటుంబం. వాటిలో ‘స్పీడ్’ రకం నున్నగా ఉంటుంది, మనకు పనికిరాదు. ‘కంట్రోల్’ రకం కాస్త గరుకు, అది తీసుకోవచ్చు. కట్ట జేబులో పెట్టుకెళ్లి అక్కడే పరిచి చూడండి. షాపతను వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

రంగు దగ్గర అందరూ నలుపు వైపు మొగ్గుతారు. నూగు మధ్యకు పోయిన వెలుతురు అటూ ఇటూ తగిలి చాలావరకు అక్కడే ఇంకిపోతుంది కాబట్టి తెల్ల ముక్క బాగా ఎగసి కనిపిస్తుంది. కానీ ఇప్పుడు చూసేవాళ్లలో సగం మంది ఫోన్లో వీడియో తీస్తారు. ఫ్రేమంతా నల్లగా ఉంటే ఫోన్ కెమెరా తనంతట తాను వెలుగు పెంచేస్తుంది, ముక్కల మీద బొమ్మలు తెల్లబారిపోతాయి. నా ఓటు ముదురు బూడిద రంగుకు. ఇంకో మాట: పొడుగు నూగు మీద చెయ్యి జరిగిన చోటల్లా చార పడుతుంది. చెయ్యి ఎటు పోయిందో మ్యాటే చెప్పేస్తే ఇక మాయ ఏముంది!

చెన్నైలో అసలు తంటా తేమతో. గాలి 30 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమతో ఉందనుకోండి. ఈ ఊళ్లో అలాంటి సాయంత్రాలకు కొదవ లేదు. అప్పుడు 25 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా ఆవిరి నీరై దిగుతుంది. 22 డిగ్రీల ఏసీ కారులోంచి తెచ్చిన మ్యాట్‌ను మండపం బయట పందిట్లో పరిస్తే జరిగేది అదే. కంటికి కనిపించదు, నూగు చెమ్మగిల్లుతుంది. దాని మీద పెట్టిన ముక్క అడుగువైపు తేమ పీలుస్తుంది. కాగితంలోని సెల్యులోజ్ పోగులు తేమకు ఉబ్బుతాయి. అడుగు సాగి, పైభాగం సాగక, అంచులు పైకి లేస్తాయి. పైన పూత ఉన్నా కోసిన అంచులకు రక్షణ లేదు. సంచీ మూత తీయకుండా ఓ ఇరవై నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనిస్తే నీరు సంచీ మీద పడుతుంది, మ్యాట్ మీద కాదు. బెంగళూరులో ఉండే మిత్రులకు ఈ బాధ తక్కువ. వాళ్లకు ఫిబ్రవరి, మార్చి నెలల పొడిగాలిలో పాలిస్టర్ నూగు విద్యుదావేశం పట్టి ప్రతి దారప్పోగునూ లాక్కుంటుంది. అతుకు టేపుతో అద్ది తీయడమే.

బూజుకు పాలిస్టర్ తిండి కాదు. మన చెమట, వేలి జిడ్డు, దుమ్మే దానికి తిండి. అందుకే ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ప్రదర్శన కాగానే తడిగుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరాకే లోపల పెట్టాలి. సంచీలో సిలికా జెల్ పొట్లం వేయండి. కలరా ఉండలు వద్దు, ఆ వాసన రబ్బరులోకి దిగి ముక్కలకు పాకుతుంది. క్యారమ్ బోర్డు పౌడరూ వద్దు. అది రాపిడిని తగ్గించేది, మనం డబ్బిచ్చి కొనుక్కున్నది రాపిడిని.

రబ్బరు విషయంలో నియోప్రిన్ అని రాసి ఉంటే కాస్త ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు. 1930లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోదర్స్ బృందం చేతిలో పుట్టిన కృత్రిమ రబ్బరు అది. మామూలు రబ్బరు గొలుసుల్లోని జంట బంధాలను గాలిలోని ఓజోన్ తెంపుతూ పోతుంది. నియోప్రిన్‌లో ఆ బంధాలను ఆనుకుని ఉన్న క్లోరిన్ ఆ దాడిని నెమ్మదింపజేస్తుంది. వేడి మాత్రం రెంటికీ శత్రువే. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని మోటు లెక్క. మే నెలలో ఎండకు నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది, డిక్కీలో మ్యాట్ వదిలేసేవాళ్లు లెక్క వేసుకోవచ్చు.

మడత పెట్టకండి, ఫోమ్‌లోని సన్నని గాలి గదులు నలిగిన చోట గీత శాశ్వతం. చుట్టక తప్పకపోతే నూగు బయటికి ఉండేలా చుట్టండి. పరిచినప్పుడు మిగిలిన వంపు వల్ల అంచులు బల్లను నొక్కుతాయి. లోపలికి చుడితే అవే అంచులు పైకి లేచి ముక్కలకు అడ్డం వస్తాయి.

ఇంట్లో ప్రాక్టీసు చేసి మ్యాట్‌ను డైనింగ్ టేబుల్ మీదే వదిలేసే అలవాటుంటే మానుకోండి. రబ్బరు పాడవకుండా కలిపే రసాయనాలు వారాల తరబడి ఒకేచోట ఆనితే పాలిష్‌లోకి పాకి గోధుమరంగు మచ్చ వేస్తాయి. మచ్చ పాలిష్ లోపల ఉంటుంది కనుక తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే.