"యూ గైస్" గొడవ మళ్లీ ఎందుకొచ్చింది? క్వేకర్ల దగ్గర్నుంచి చూడాలి

మీటింగులో ఆడవాళ్లు కూడా ఉంటారు కదా, అందరినీ కలిపి "యూ గైస్" (గై అంటే మగాడు) అనడం ఏంటి, "యాల్" (యూ ఆల్, అంటే మీరందరూ) అనండి అనే వాదన అమెరికాలో మళ్లీ మొదలైంది. ఒకప్పుడు ఇంగ్లీషులో ఒకరికి దౌ, పదిమందికి యూ ఉండేవని, పెద్దవాళ్లని కూడా యూ అనేవాళ్లని చాలామందికి తెలుసు, మన నువ్వు, మీరు లాంటిదే, ఆ కథ వదిలేద్దాం.

నా లెక్కలో అసలు మలుపు 17వ శతాబ్దం. 1603లో ఇంగ్లండ్ రాజదర్బారులో పెద్ద పేరున్న వాల్టర్ రాలీ మీద రాజద్రోహం కేసు నడుస్తుంటే ప్రభుత్వ లాయర్ ఎడ్వర్డ్ కోక్ నిండు కోర్టులో ఆయన్ని కావాలనే దౌ అన్నాడు, అంటే అప్పటికే అది తిట్టులా వాడొచ్చన్నమాట. తర్వాత జార్జ్ ఫాక్స్, ఆయన వెంట క్వేకర్లు (ఆయన మొదలుపెట్టిన క్రైస్తవ శాఖవాళ్లు) వచ్చి, దేవుడి ముందు ఎక్కువ తక్కువ ఏంటని జడ్జీలని కూడా దౌ అనేశారు, టోపీ కూడా తీయలేదు, దెబ్బలు తిన్నారు, జైలుకెళ్లారు, అయినా మానలేదు. ఒకే మనిషిని యూ అనడం తప్పని 1660లో ఫాక్స్ ఇంకో ఇద్దరితో కలిసి బోలెడు భాషల ఉదాహరణలతో ఏకంగా పుస్తకమే వేశాడు. దాంతో మిగతావాళ్లకి దౌ అంటే అయితే తిట్టు, లేదంటే క్వేకర్ల మాట అయిపోయింది, ఎందుకొచ్చిన గొడవ అని అందరినీ యూ అనేశారు. యార్క్‌షైర్ లాంటి చోట్ల మాత్రం "దా" రూపంలో మిగిలింది.

ఇక ఒకరికీ యూనే, పదిమందికీ యూనే. ఈ ఇబ్బంది తీర్చింది గ్రామర్ పండితులు కాదు, మామూలు జనం. ఐర్లండ్‌లో యీ, యూస్, లివర్‌పూల్, గ్లాస్గోల్లోనూ యూస్, పిట్స్‌బర్గ్‌లో యింజ్, జమైకాలో ఆఫ్రికా మూలాలున్న ఉను, అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ అందరూ వాడే యాల్. వీటిల్లో చాలావాటిని బళ్లలో చదువురాని మాటలన్నారు.

గైస్ సంగతికొస్తే, 1605లో పార్లమెంటుని పేల్చబోయిన గై ఫాక్స్ (ఈ ఫాక్స్ వేరు) దిష్టిబొమ్మల నుంచి వచ్చిన మాట అది. ముందు బొమ్మ, తర్వాత చిరిగిన బట్టల మనిషి, అమెరికా వెళ్లాక ఏ మగాడైనా. ఇప్పుడందులో మగా ఆడా తేడా లేదు, ఆడవాళ్లు కూడా ఒకరినొకరు అలాగే అనుకుంటారు అని దాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు అంటారు, అదీ కొంత నిజమే.

కానీ యాల్ అంటే పల్లెటూరి యాస అని దక్షిణాదివాళ్లని ఇన్నేళ్లూ వెక్కిరించి, ఇప్పుడు అదే మర్యాదైన మాట అని ఆఫీసుల్లో వాళ్లకే చెప్తుంటే వాళ్లకి నవ్వు రాదా మరి.