డోర్నకల్ బిషప్ అజరయ్య: ఒక నియామకం వెనకున్న కథ

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి సంప్రదాయంలో, ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. తెల్లవాళ్లు ఒక భారతీయుడి కింద పనిచేయాలా అని మిషనరీలలో చాలామంది అభ్యంతరం చెప్పారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే ఈ నియామకం జరిగేది కాదేమో.

అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళైలో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాదిరి. క్రైస్తవ యువకుల సంఘమైన వైఎంసీఏలో పనిచేస్తూ దేశమంతా తిరిగిన అజరయ్య, 1903లో స్వదేశీయుల డబ్బుతో, స్వదేశీయుల చేతులతోనే నడిచే మిషన్‌ని తిరునెల్వేలిలో మొదలుపెట్టడంలో ముందు నిలబడ్డారు. ఆ మిషనే ఆయన్ని నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కి తెచ్చింది.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన మాట సూటిగా పడింది. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. దొరలతో నిండిన సభలో, ముప్పై అయిదేళ్ల వయసులో అంత మాట అనడానికి గుండె ధైర్యం కావాలి.

డోర్నకల్‌లో ఆయన పనంతా ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లోనే సాగింది. పుట్టుకతో తమిళుడైనా తెలుగు నేర్చుకుని, భార్య అన్బు మరియమ్మాళ్‌తో కలిసి ఎడ్లబండి మీద ఊళ్లు తిరిగారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, "సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అని, అంటే చెప్పకపోతే నాకు కీడే అని, పలికించేవారు. ఊరి బయట బతుకుతున్న కూలీని వినేవాడిగానే కాదు, చెప్పేవాడిగా నిలబెట్టడమే నా దృష్టిలో ఆయన చేసిన అసలు సంస్కరణ. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కథీడ్రల్‌లోనూ ఈ దృష్టే కనిపిస్తుంది. గుడి మండపాల్లాంటి స్తంభాలు, మసీదుల్లాంటి గుమ్మటాలు, మీనార్లు, వాటితోపాటు సిలువ.

మతమార్పిడుల విషయంలో గాంధీజీతో ఆయనకు గట్టి విభేదమే ఉండేది. అలాగని క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు (క్రైస్తవులే ఓటేసి తమ ప్రతినిధుల్ని ఎన్నుకునేవి) కావాలనలేదు, వ్యతిరేకించారు. అణగారినవాళ్లకు తమ విశ్వాసాన్ని తామే ఎంచుకునే హక్కుందన్న ఆయన వాదన నాకు ఇప్పటికీ సబబుగానే అనిపిస్తుంది.

1945 జనవరి 1న ఆయన చనిపోయేదాకా, అంటే ముప్పై రెండేళ్లపాటు, ఆంగ్లికన్ డయాసిస్‌కు (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతానికి) అధిపతిగా ఉన్న భారతీయుడు ఆయనొక్కరే. ఒకరికి దారి ఇచ్చి ఆ తర్వాత తలుపు మూసేశారంటే బాధేస్తుంది. వేరువేరు క్రైస్తవ సంఘాలను ఒకటి చేయడానికి 1919లో తమిళ ప్రాంతంలోని తరంగంబాడిలో జరిగిన సమావేశం నుంచి ఆయన పాటుపడిన ఐక్యత మాత్రం ఫలించింది. ఆంగ్లికన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు కలిసి 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)గా ఏర్పడ్డాయి. డోర్నకల్ అందులో ఒక డయాసిస్ అయింది.