చివరన ఉన్నది దుమ్ము మూత కాదు: పాత కోయాక్స్ నెట్‌వర్క్ మీద అపోహలు, వాస్తవాలు

పోయిన వారం జమ్మికుంట వైపు నుంచి మళ్లీ అదే ఫోన్. పాత జిన్నింగ్ మిల్లు. తూకం కంప్యూటర్లన్నీ ఇంకా ఒకే కోయాక్స్ తీగ (టీవీ కేబుల్ లాంటిది, నడుమ ఒక తీగ, చుట్టూ జల్లెడ అల్లిక) మీదే నడుస్తున్నాయి. "సార్, ఏడు సిస్టమ్స్ ఒక్కసారే పోయినయ్. వైరస్ అంటున్నరు. ఫార్మాట్ కొట్టమంటరా?"

"ఈ మధ్య బల్లలు ఏమన్నా జరిపిన్రా?"

జరిపారట. గోడలకు సున్నాలు వేయించారట.

"తీగ రెండు చివర్ల చిన్న మూత లెక్కటిది ఉండాలె, ఉన్నదా?"

కాసేపు చప్పుడు లేదు. "అది దుమ్ము పడకుండ పెట్టింది కాదా సార్?"

కాదు నాయనా. ఇరవై ఏళ్లకు పైగా ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. అది టర్మినేటర్. లోపల 50 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. చెరువులో లేచిన అల కట్టకు కొట్టుకుని వెనక్కి వచ్చినట్టే, తీగలో పోయే సిగ్నల్ కూడా తెరిచి ఉన్న చివరకు తగిలి వెనక్కి తిరుగుతుంది, వెనకాల వచ్చేదాన్ని పాడు చేస్తుంది. టర్మినేటర్ ఉంటే దాన్ని అక్కడికక్కడే మింగేస్తుంది.

మరి ఒక చివర మూత పోతే అన్ని సిస్టమ్సూ ఎందుకు పోవాలి? కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు, ఢీ పడిందా (ఇద్దరు ఒకేసారి మాట్లాడారా) లేదా అన్నది తీగ మీద సగటు వోల్టేజీని చూసి తేల్చుకుంటుంది. రెండు చివర్లా 50 ఓమ్స్ ఉంటే, అవి సమాంతరంగా ఉన్నట్టే కాబట్టి, కార్డుకు కనబడేది 25. ఒకటి తీసేస్తే 50. అదే కరెంటుకు వోల్టేజీ రెట్టింపవుతుంది. ఇంకెవరో కూడా మాట్లాడుతున్నారనుకుని కార్డు ఆగిపోతుంది. మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. 16 సార్లు చూసి ఆ ప్యాకెట్‌ను వదిలేస్తుంది. తీగ ఒక్కటే కాబట్టి అందరిదీ అదే గతి. ఇందులో వైరస్ ఎక్కడిది?

నవ్వే హక్కు నాకూ లేదు. 1997లో హన్మకొండ నయీంనగర్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు కొత్తగా వెళ్లేవాణ్ని. ల్యాబ్ మొత్తం పడిపోతే ధీమాగా రెండు కార్డులు కొనిపించాను, రెండు రాత్రులు కూర్చుని సర్వర్ మళ్లీ లోడ్ చేశాను. మూడో రోజు మా సీనియర్ జేబులో మల్టీమీటర్ పెట్టుకుని వచ్చాడు. ఒక టీని (తీగను కార్డుకు కలిపే T ఆకారపు ముక్క) కార్డు నుంచి ఊడదీసి, నడిమి పిన్నుకొకటి, అంచుకొకటి ముల్లు ఆనించాడు. 50 చూపించింది. నా వైపు చూసి ఏమీ అనలేదు. తిడితే బాగుండేది. అటెండరు చివరి మూతను ఎవరో పారేసుకున్న వస్తువనుకుని చాక్‌పీసుల డబ్బాలో భద్రంగా దాచాడు.

కాబట్టి ఫార్మాట్‌కు ముందు మీటరు. సిస్టమ్స్ అన్నీ ఆపి కొలవండి. 25కు కాస్త అటూ ఇటూ ఉంటే తీగ బాగానే ఉంది. 50 దగ్గరుంటే ఒక చివర పోయింది, లేదా మధ్యలో ఎక్కడో తెగింది. సున్నా అయితే షార్టు. కనెక్టర్‌ను తీగకు నొక్కి బిగించినప్పుడు (క్రింప్) జల్లెడ అల్లికలోని ఒక్క వెంట్రుక తీగ నడిమి పిన్నుకు తగిలినా చాలు. ఎక్కడుందో తెలియకపోతే మధ్యలో ఊడదీసి, అక్కడొక టర్మినేటర్ పెట్టి, ఏ సగం నడుస్తుందో చూడండి. నడవని సగాన్ని మళ్లీ సగం చేయండి. పది నిమిషాల పని.

రెండో పెద్ద నష్టం టీవీ తీగ. "చూస్తే ఒక్కలెక్కనే ఉంది కదన్నా" అంటారు. కేబుల్ టీవీ తీగ 75 ఓమ్స్, మనకు కావలసిన ఆర్‌జీ-58 రకం తీగ మాత్రం 50. ఒక్క ముక్క కలిపినా ఆ అతుకు దగ్గర వోల్టేజీ అలలో ఐదో వంతు వెనక్కి పోతుంది. నాలుగు సిస్టమ్స్ ఉన్నప్పుడు నడిచినట్టే ఉంటుంది, ఎనిమిది కాగానే మొరాయిస్తుంది. పూర్తిగా పోతే నయం, పోయీ పోకుండా సతాయించేదే తల తింటుంది. సీసీ కెమెరాల కోసం అమ్మే 75 ఓమ్స్ టర్మినేటర్లూ అచ్చం ఇలాగే ఉంటాయి, కొనేముందు మీటరు పెట్టండి.

మిగతావి గబగబా. టీని కార్డుకే బిగించాలి, బల్ల కింద వదిలి అక్కడి నుంచి ముక్క తీగ లాగితే పనికిరాదు. ఈ నెట్‌వర్క్ పేరు 10బేస్2, అందులో 2 ఉంది కదా అని 200 మీటర్లు లాగకండి, ఒక ముక్కకు హద్దు 185 మీటర్లు. దాని మీద 30 కనెక్షన్లే, టీకీ టీకీ మధ్య కనీసం అర మీటరు.

భయపడేవాళ్లకు ఒక మాట. బీఎన్‌సీ (తీగ చివర ఉండే లోహపు కనెక్టర్) ముట్టుకుంటే చురుక్కుమంటే నెట్‌వర్క్‌ను తిట్టకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. బిల్డింగ్ ఎర్తింగ్ చూపించండి. తీగకు ఎర్త్ ఇస్తే ఒక్కచోటే ఇవ్వాలి. రెండుచోట్ల ఇస్తే రెండు ఎర్త్‌ల మధ్య తేడా అంతా ఆ జల్లెడ మీదుగానే పారుతుంది.

జమ్మికుంట వాళ్ల మూత ఛాయ్ గ్లాసుల పక్కన, చక్కెర డబ్బాలో దొరికింది. సున్నం తుడిచి పెట్టమన్నాను. ఫోన్‌లోనే మీటరు చదివించాను: 26.