గుంజితే బిగిసే పిడికిలి

"నాన్నకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. పిడికిలి విప్పబోతే ఇంకా బిగిస్తున్నారు. ముట్టుకోవద్దనా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

కాదమ్మా. ఆ చెయ్యి కారు సీటుబెల్టులా పనిచేస్తోంది, అంతే. బెల్టుని మెల్లగా లాగితే వస్తుంది, గుంజితే టక్కున పట్టేస్తుంది.

కండరం లోపల కదురు ఆకారంలో సన్నని గ్రాహకాలుంటాయి. కండరం ఎంత సాగిందో, ఎంత వేగంగా సాగిందో కనిపెట్టేవి అవే. వేగం ఎక్కువైతే వన్-ఎ అనే చురుకైన నాడీతంతువుల మీదుగా వెన్నుపాముకి కబురు వెళ్తుంది. అక్కడ ఒకే ఒక్క సైనాప్స్ (రెండు నాడీకణాల మధ్య సంధి) దాటి ఆల్ఫా మోటార్ న్యూరాన్‌ని, అంటే కండరాన్ని కదిలించే నాడీకణాన్ని చేరుతుంది. అది తిరిగి అదే కండరాన్ని బిగిస్తుంది. డాక్టరు రబ్బరు సుత్తితో కొడితే మోకాలు ఎగిరేది ఇలాగే. మెదడు పైనుంచి ఈ వలయాన్ని అదుపులో ఉంచుతుంది. పక్షవాతం (స్ట్రోక్) వల్ల మెదడు నుంచి వచ్చే ఆ అదుపు దారులు దెబ్బతింటే చిన్న కుదుపుకే బెల్టు పట్టేస్తుంది. ఇలా బిగిసిపోవడాన్నే స్పాస్టిసిటీ అంటారు. 1980లో నాడీవైద్యుడు జేమ్స్ లాన్స్ దానికి ఇచ్చిన నిర్వచనంలోనూ కీలకమైన మాట వేగమే.

అందుకే వేళ్లతో కుస్తీ పట్టకండి. ముందు మణికట్టుని అరచేతి వైపు వంచండి. వేళ్లను ముడిచే స్నాయువులు మణికట్టు మీదుగానే వెళ్తాయి కాబట్టి అవి వదులవుతాయి. బొటనవేలిని దాని మొదలు దగ్గర పట్టుకుని బయటికి తీయండి, తర్వాత మిగతా వేళ్లు, చివర్న మణికట్టుని నిదానంగా పైకి. నొప్పంటే ఆపేయండి. ఆ చెయ్యి పట్టుకుని మనిషిని మాత్రం లేపకండి, భుజం కీలు జారే ప్రమాదముంది.

పక్షవాతం తగ్గుతుందని వాళ్లింట్లో పావురం రక్తంతో మర్దనా కూడా చేయించారట. పావురం పోయింది, పిడికిలి అలాగే ఉంది!

అయితే సీటుబెల్టు పోలిక ఒకచోట చెల్లదు. ఎన్నాళ్లు చుట్టుకుని ఉన్నా బెల్టు పొట్టిదవదు. కండరం మాత్రం పొట్టిదవుతుంది. ముడుచుకునే ఉండిపోతే కండర పోగులో వరసగా ఉండే సార్కోమియర్లు (ముడుచుకునే చిన్న చిన్న భాగాలు) తగ్గిపోతాయి. ఇది ఇందాక చెప్పిన రిఫ్లెక్స్ (తనంతట తానే బిగిసే చర్య) కాదు, కండరమే కురచైపోవడం. దీన్ని ఆపడానికే స్ట్రెచింగ్ అని చాలాకాలం నమ్మారు. పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష ఆ నమ్మకం మీద నీళ్లు చల్లింది: ఏడు నెలల లోపు చేసిన స్ట్రెచింగ్ వల్ల కీళ్ల కదలికలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మరి మానేయాలా? చెయ్యి కడగడానికి, గోళ్లు తీయడానికి పిడికిలి విప్పక తప్పదు కదా. నా లెక్కలో అది ముందుమాట లాంటిది. విప్పాక ఆ చేతికి పని ఇవ్వాలి. వేళ్లు కాస్తయినా కదులుతుంటే బల్ల మీద తువ్వాలు ముందుకి తోయమనండి, ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకుని వదలమనండి. పట్టుకోవడం కంటే వదలడమే కష్టం. అక్కడ తొందరపెట్టకండి.